ఇన్సెంటివ్ 74,000, ప్రీమియం 72,000

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో ఒక జీవిత బీమా సంస్థ అమ్మకాల ఆఫీసులో పనిచేస్తున్నాను. వయసు 31. చేతికి వచ్చే జీతం 23,000. ఇంటి ఖర్చు 21,500. గత పన్నెండు నెలల్లో ఇన్సెంటివ్ 74,000 వచ్చింది. అందులో 41,000 జనవరి నుంచి మార్చి లోపే. జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో సున్నా. నెలాఖరున టార్గెట్ తగ్గినప్పుడల్లా నా డబ్బుతో పాలసీలు తీసుకున్నాను. 2024 జూన్‌లో నా పేరున (ఏడాదికి 24,000, రెండుసార్లు కట్టాను), 2025 మార్చిలో భార్య పేరున (30,000), ఈ ఫిబ్రవరి చివర అమ్మ పేరున (18,000; బాండు వచ్చి పన్నెండు రోజులైంది). ఇద్దరు కస్టమర్ల మొదటి ప్రీమియం కూడా నేనే కట్టాను. క్రెడిట్ కార్డు బాకీ 68,000. పర్సనల్ లోన్ తీసుకుని తీర్చేయాలా? ఉద్యోగం మానేయాలా?

జవాబు: మీరు రాసిన అంకెల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదంతా తిరిగి సంపాదించిన ఇన్సెంటివ్ 74,000. అదే ఏడాదిలో మీ మూడు పాలసీలకు కట్టింది 72,000. మిగిలిన రెండు వేలను కార్డు వడ్డీ ఎప్పుడో మింగేసింది. అంటే ఆఫీసు ఇచ్చిన ఇన్సెంటివ్‌ను మీరు ఆఫీసుకే తిరిగి కట్టారు, అదీ అప్పు చేసి.

ముందుగా అమ్మగారి పాలసీ, ఎందుకంటే దానికే గడువు ఉంది. బాండు అందిన 30 రోజుల్లోగా ఫ్రీ లుక్ కింద రద్దు చేసుకోవచ్చు. స్టాంపు సుంకం, ఆ కొద్ది రోజుల రిస్కు ప్రీమియం, వైద్య పరీక్షలు జరిగి ఉంటే వాటి ఖర్చు మినహాయించి మిగతాది వెనక్కి ఇస్తారు. ఆవిడ సంపాదన మీద ఆధారపడిన వాళ్లెవరూ లేనప్పుడు ఆవిడ పేరున ఆ పాలసీ దేనికి? ఫిబ్రవరి లెక్కలోంచి ఆ లాగిన్ (మీ పేరున నమోదైన అమ్మకం) పోతుంది, దాని మీద ఇచ్చిన ఇన్సెంటివ్ తిరిగి అడుగుతారు, మేనేజరు కోప్పడతారు. 18,000తో పోలిస్తే ఆ కోపం చౌక.

మీ శ్రీమతి పాలసీ వాయిదా ఈ నెలలోనే ఉంది కదా, కట్టకండి. వార్షిక ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. ఆ లోగా సరెండర్ చేస్తే (పాలసీ మూసేసి డబ్బు తీసుకుంటే) ఎంత, పెయిడప్‌గా (ఇక ప్రీమియం కట్టకుండా, తగ్గిన బీమాతో) ఉంచితే ఎంత అని సంస్థను రాతపూర్వకంగా అడగండి. 2024 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త నిబంధనల కిందిదైతే, పూర్తి ఏడాది ప్రీమియం కట్టి ఏడాది నిండిన తర్వాత ఎంతో కొంత సరెండర్ విలువ ఉంటుంది. మీ పేరున ఉన్నదానికి జూన్ దాకా సమయం ఉంది. దానికీ ఇవే రెండు అంకెలు తెప్పించుకోండి. ఇప్పటికే కట్టింది పోతుందేమోనన్న బాధతో మూడో ప్రీమియం కట్టకండి. మీ కుటుంబానికి నిజంగా అవసరమైన బీమా మీ పేరున ఒక టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే ఉండే బీమా. అది మీకు నేను చెప్పాలా!

కస్టమర్ల ప్రీమియం మీరు కట్టడం మాత్రం ఇక ఆపాల్సిందే. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం పాలసీ తీసుకోమని ప్రోత్సహించేందుకు ప్రీమియంలో రాయితీ ఇవ్వడం నిషిద్ధం. జరిమానా పది లక్షల దాకా వెళ్లవచ్చు. పైగా సొంత డబ్బు పెట్టని కస్టమరు రెండో ఏడాది కట్టడు. అప్పుడు పదమూడో నెల పర్సిస్టెన్సీ (రెండో ఏడాదీ ప్రీమియం కట్టి కొనసాగే పాలసీల శాతం) పడిపోయిందని మిమ్మల్నే నిలదీస్తారు.

కార్డు సంగతి. నెలకు మూడున్నర శాతం లెక్కన 68,000 మీద వడ్డీయే 2,380. అమ్మగారి పాలసీ డబ్బు రాగానే మొత్తం కార్డుకే కట్టండి. మిగిలే సుమారు 50,000కు పర్సనల్ లోన్ కన్నా బ్యాంకులో బంగారం మీద అప్పు నయం. ఏడాదికి పది శాతం అనుకున్నా నెల వడ్డీ 417 రూపాయలే. మీ శ్రీమతిని అడిగి, అసలు సంగతి ఆవిడకు పూర్తిగా చెప్పిన తర్వాతే నగలు తీసుకెళ్లండి. కార్డును మాత్రం మూసేయండి. అది ఉంటే వచ్చే నెల 30వ తేదీన మళ్లీ బయటికి వస్తుంది.

మీ సున్నా నెలలు నన్ను ఆశ్చర్యపరచలేదు. వానాకాలంలో మీ పల్లెల డబ్బంతా పొలంలో ఉంటుంది. వరి ఇంటికి చేరేది నవంబరు, డిసెంబరుల్లో. జేకేపూర్ పేపరు మిల్లులో, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో జీతగాళ్లు పన్ను ఆదా కోసం జనవరి తర్వాత కదులుతారు. మీ ఆఫీసుల్లో జేఎఫ్‌ఎమ్ (జనవరి, ఫిబ్రవరి, మార్చి) అని కలవరించేది అందుకే. అదీ ఇక తగ్గేదే: కొత్త పన్ను విధానంలో బీమా ప్రీమియంపై 80సీ మినహాయింపు లేదు, 12.75 లక్షల జీతం దాకా పన్నే పడదు. కాబట్టి ఇల్లు 23,000 మీదే నడవాలి. ఇన్సెంటివ్ ఎప్పుడొచ్చినా ముందు బంగారం అప్పుకు, అది తీరాక మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 64,500 పోగయ్యే దాకా విడి ఖాతాకు.

ఉద్యోగం ఈ నెల మానకండి, కానీ వెతకడం ఈ నెలే మొదలుపెట్టండి. పర్సిస్టెన్సీ లెక్క లేని చోటికే పోవాలని లేదు. జీతంలో స్థిరమైన భాగం ఎంతో అడిగి చూసుకోండి. వెళ్లే ముందు నియామక పత్రంలో నోటీసు గడువు, ఇన్సెంటివ్ వెనక్కి తీసుకునే షరతు చదవండి. పీఎఫ్ తీయకుండా పాత యూఏఎన్‌తోనే (మీ పీఎఫ్ నంబరు) కొత్త చోటికి మార్చుకోండి. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది కనుక, కుటుంబానికి సొంత పాలసీ తీసుకున్నాకే రాజీనామా ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ లేదు కూడా.