తెలిసి చేశాడా? తెలిసీ చేశాడా?

సందేహం: 'దుర్యోధనుడు చేటు తప్పదని తెలిసి యుద్ధానికి దిగాడు' అని నేనంటే, పద్యనాటకాలంటే చెవి కోసుకునే మా మిత్రుడు 'తెలిసీ' అనాలని పట్టుబట్టాడు. పక్కనున్న ఇంకొకాయన 'తెలిసినా' సరైన రూపమన్నాడు. ఏది ఒప్పు? 'జానామి ధర్మం' (ధర్మమేదో నాకు తెలుసు) అన్నవాడు అధర్మాన్ని ఎందుకు ఎంచుకున్నట్టు? అలాంటివాణ్ణి ప్రతినాయకుడు అనాలా, విషాద నాయకుడు అనాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

సమాధానం: మూడూ తెలుగే. మీ వాక్యానికి మాత్రం మిత్రుడి దీర్ఘమే కావాలి. 'వాన వస్తుందని తెలిసి గొడుగు తెచ్చాడు' అంటే తెలియడమే తేవడానికి కారణం. అదే పద్ధతిలో 'చేటు తప్పదని తెలిసి దిగాడు' అంటే, పాపం, దుర్యోధనుడు చేటు కోసమే దిగాడన్న అర్థం తొంగిచూస్తుంది. 'తెలిసీ'లోని దీర్ఘం వెనక పాత 'తెలిసియు' ఉంది. తెలియడానికీ చేయడానికీ పొత్తు కుదరలేదని అది చెబుతుంది. 'వేలంలో ధర పలకదని తెలిసీ పొగాకు వేశాడు' అని మీ వైపు ఎవరైనా అంటే, వేసినవాడి మీద విసుగంతా ఆ ఒక్క దీర్ఘంలో వినిపిస్తుంది. 'తెలిసినా' దీనికి దగ్గరిదే కానీ, జరగనిదానికీ పనికొస్తుంది. 'రేపు తెలిసినా మానడు' అంటాం, 'రేపు తెలిసీ మానడు' అనం. ఇక 'తెలిసీ తెలియక' అనే జంటను ఇక్కడికి రానివ్వకండి. అది పసితనానికీ అరకొర జ్ఞానానికీ చెల్లే మాట.

రూపం సంగతి అది. అయితే దుర్యోధనుడికి ఆ దీర్ఘం తగునా అన్నదే నా అనుమానం. 'జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః' (ధర్మం తెలుసు, కానీ మనసు అటు పోదు) శ్లోకం వ్యాసభారతంలోది కాదు. పాండవగీత అనే స్తోత్ర సంకలనంలో దుర్యోధనుడి పేరిట కనిపిస్తుంది. భారతంలో అతని ధోరణి వేరు. ఉద్యోగపర్వంలో కణ్వమహర్షి హితవు చెబితే తొడ చరిచి, ఈశ్వరుడు నన్నెలా పుట్టించాడో అలాగే నడుస్తున్నాను, ఈ ప్రలాపమెందుకని తోసిపుచ్చుతాడు. కృష్ణుడితో అయితే నాలో నాకే తప్పూ కనిపించడం లేదంటాడు. యుద్ధంలో చావు రావచ్చని అతనికి తెలుసు, అందుకు జంకడు కూడా. చేస్తున్నది అధర్మమని ఒప్పుకోవడం మాత్రం అతని నోట రాదు. ఫలితం తెలియడం వేరు, తప్పని తెలియడం వేరు. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఆ దీర్ఘం అతికినట్టు సరిపోయేది తండ్రికి. విదురుడు రాత్రంతా నీతి చెబితే ధృతరాష్ట్రుడు కాదనడు. నువ్వు చెప్పినట్టే నా బుద్ధి పాండవుల వైపు మొగ్గుతుంది, దుర్యోధనుడు దగ్గరికి రాగానే మళ్లీ తిరిగిపోతుంది అంటాడు. తెలివి లేక కాదు, కొడుకు ఎదుట అది నిలవదు. నెల్లూరువాణ్ణి కనుక తిక్కనను తలచుకోకుండా ఉండలేను. రాయబారంలో కృష్ణుడి నోట 'దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని' అనిపించాడు. ఆపగల సమర్థులై ఉండీ ఊరుకుంటే చేటు వాళ్లకే అని. ఆ 'దక్షులు' అన్న మాట ముసలిరాజుకు గుచ్చుకోవాలి. ఆపగలిగీ ఆపనివాడు కదా!

షేక్స్పియర్ మక్బెత్ ఇంకా తేటగా 'తెలిసీ' చేసినవాడు. మొదటి అంకం ఏడో రంగంలో డంకన్‌ను ఎందుకు చంపకూడదో తనే ఏకరువు పెడతాడు. నా బంధువు, నా రాజు, పైగా నా ఇంటి అతిథి. మనం కలిపిన విషం మన పెదవుల దగ్గరికే తిరిగి వస్తుంది. చంపడానికి కారణం వెతికితే అత్యాశ ఒక్కటే దొరికిందని కూడా దాచకుండా చెబుతాడు. ఇక వద్దని భార్యకు చెప్పేస్తాడు. ఆమె అతని మగతనాన్ని ఎత్తిపొడుస్తుంది. అదే రంగం ముగిసేలోగా కత్తికి సిద్ధపడతాడు. ఆమె అతని వాదాన్ని ఖండించలేదని గమనించండి. అతిథిని చంపడం తప్పు కాదని ఎక్కడా అనదు. వెనక్కి తగ్గితే నీ కంటికి నువ్వే పిరికిపందవై బతకాలి అంటుంది, అంతే. ధృతరాష్ట్రుడికి కొడుకు మొహం ఎలాగో మక్బెత్‌కు తన పౌరుషం అలాగ. పాపం, శిక్ష, పరలోకం ఎప్పుడో వచ్చేవి. చిన్నబోవడం ఇప్పుడే, ఈ గదిలోనే. మీ 'ఎందుకు'కు నాకు తోచిన జవాబు ఇది.

చివరి ప్రశ్నకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. 'ప్రతినాయకుడు' అనేది కథలో స్థానం, 'దుష్టుడు' అనేది గుణం. భారతంలో దుర్యోధనుడు ప్రతినాయకుడే. భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగంలో అతనే నాయకుడు. మక్బెత్ తన నాటకానికి నాయకుడు కనుక, ఎంత నెత్తురు మూటగట్టుకున్నా విషాద నాయకుడనే అనాలి. 'విషాదాంత నాయకుడు' అని మాత్రం రాయకండి. విషాదాంతం నాటకానికి విశేషణం, మనిషికి కాదు.