సాధన ఉందా అని ముందు అడుగు

రాజోలు

చెల్లెమ్మకు,

అమలాపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భిన్నక్రమ అవకలన సమీకరణాల గురించి, అంటే అవకలజం క్రమం అర లాంటి భిన్నంగా ఉండే సమీకరణాల గురించి, తెలుగులో రాయాలనుకున్నందుకే చాలా సంతోషం. 1695లో గణితవేత్తలు లోపితాల్, లైబ్నిజ్‌ల మధ్య నడిచిన "క్రమం అర అయితే?" అన్న చర్చతో మొదలుపెట్టావు, బాగుంది. తర్వాత సాధన (సమీకరణాన్ని తృప్తిపరిచే ప్రమేయం) ఎలా కనుక్కోవాలో పేజీలకొద్దీ రాసి, అసలు సాధన ఉంటుందా అన్నది ఒక్క వాక్యంలో దాటేశావు. ఈ విషయానికి ప్రాణం అక్కడే ఉంది.

మామూలు సమీకరణంలో చిన్న వ్యవధికి సాధన ఉందని తేల్చి, ఆ చివరి విలువ దగ్గర మళ్లీ కొత్తగా మొదలుపెట్టి ముందుకు సాగొచ్చు. ఇక్కడ అలా కుదరదు. కపుటో అవకలజం (భిన్నక్రమ అవకలజానికి ఒక నిర్వచనం) మొదటి క్షణం నుంచి ఇప్పటిదాకా జరిగినదంతా లెక్కలోకి తీసుకుంటుంది. ఇప్పటి విలువ ఒక్కటే తెలిస్తే చాలదు, గతమంతా వెంట తీసుకెళ్లాలి. ఇది నిదానంగా చెప్పు. తొందరపడితే తర్వాత నువ్వు ఏం రాసినా పాఠకుడికి ఎక్కదు. ఇది చెప్పాకే, సమీకరణాన్ని సమాకలన సమీకరణంగా మార్చి, దాని సాధనని స్థిర బిందువుగా (ఆ సమాకలన ప్రక్రియకి లోనైనా మారని ప్రమేయంగా) చూడడం తీసుకురా.

స్థిర బిందువు ఉందని చెప్పే సిద్ధాంతాలకి బనాక్ 1922, షౌడర్ 1930 అని పేర్లు రాసి వదిలేయకు. ఈ ఉదాహరణ వాడుకో: సున్నా దగ్గర మొదలయ్యే ప్రమేయం, దాని కపుటో అర్ధ అవకలజం దాని వర్గమూలానికి 2/√పై రెట్లు. ఎప్పుడూ సున్నాగా ఉండే ప్రమేయం ఒక సాధన. కాలంతో సమానంగా పెరిగేది ఇంకొకటి. కుడివైపు అవిచ్ఛిన్నం కాబట్టి షౌడర్ దారిలో సాధన ఉందని తేలుతుంది. లిప్షిట్జ్ షరతు (కుడివైపు విలువల తేడా, ప్రమేయం విలువల తేడాకి ఒక స్థిరమైన రెట్టు దాటకూడదు) లేదు కాబట్టి ఒక్కటే అని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇన్‌క్లూజన్‌కి (రేటు ఇంత అని కాక, ఈ సమితిలో ఏదో ఒకటి అని చెప్పే షరతుకి) మన కాలవలే చాలు. ధవళేశ్వరం నీరు శివారు చేలకి ఎంత అందుతుందో ఒక్క అంకెలో చెప్పలేం, ఇంత నుంచి ఇంత అని చెప్పగలం. రేటు ఒక సంఖ్య కాదు, ఒక సమితి. ఆ నడుమ ఏ విలువైనా రావచ్చంటే సమితి కుంభాకారం (ఏ రెండు బిందువుల్ని కలిపే గీతైనా అందులోనే ఉంటుంది), కకుతాని తరహా స్థిర బిందువు సిద్ధాంతాలు పనిచేస్తాయి. తూము పూర్తిగా తెరవడమో పూర్తిగా మూయడమో తప్ప మధ్యలో ఏదీ లేదంటే రెండు బిందువులే మిగులుతాయి, ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు సంవృత సమితులు (అంచులు కూడా కలిసినవి), లిప్షిట్జ్ షరతు ఉంటే కోవిట్జ్, నాడ్లర్‌ల 1970 సిద్ధాంతం ఆదుకుంటుంది. నువ్వు కుంభాకారం అన్న మాటే ఎత్తలేదు. అది తప్పక రాయాలి.

ఇక నీ చివరి ఉదాహరణ. క్రమం అర, వ్యవధి 1, లిప్షిట్జ్ స్థిరాంకం 3. గామా ప్రమేయం (ఫ్యాక్టోరియల్‌ని భిన్నాలకీ విస్తరించేది) విలువ 3/2 దగ్గర దాదాపు 0.886. దానితో 3ని భాగిస్తే 3.39 వస్తుంది, బనాక్‌కి ఈ సంఖ్య 1 లోపు కావాలి. సాధన లేదని కాదు, నువ్వు చూపిన దారిలో తేలలేదు. బరువులు వేసిన కొలతతో (కాలం గడిచేకొద్దీ తేడాకి తక్కువ బరువిచ్చే కొలతతో) చేస్తే తేలుతుంది. అది చేసి ఆ భాగం ఒక్కటే మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య