దూరాన ఉండి వన్యప్రాణులకు మనం ఏం చేయగలం?

అడవికి వెళ్లే వీలు లేదు, పెద్ద విరాళం ఇచ్చే స్తోమత లేదు, అయినా ఏదో ఒకటి చేయాలని ఉందని మీరు రాశారు. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను కాబట్టి నేను చేసింది చెబుతాను.

టాంజానియాలోని సెరెంగెటి జాతీయ పార్కులో పరిశోధకులు 225 కెమెరాలు అమర్చారు. ఎదుట వేడి, కదలిక తగిలితే అవే ఫొటో తీస్తాయి. అలా పోగైన లక్షల ఫొటోల్లో జంతువులను గుర్తించే పనిని 2012లో, మామూలు మనుషులు పరిశోధనలకు సాయపడే జూనివర్స్ వెబ్‌సైటులో అందరి ముందూ పెట్టారు. ఆ ఫొటోలు చూస్తూ నేను ఎన్నో రాత్రులు గడిపాను.

మొదట నిరాశే. సింహం కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తే గాలికి ఊగే గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. జింకల్లా ఉండే థామ్సన్ గజెల్‌నూ గ్రాంట్ గజెల్‌నూ కలిపేసి ఎన్నిసార్లు తప్పు నొక్కానో! గ్రాంట్ గజెల్ పిరుదుల తెలుపు తోక పైదాకా ఎక్కుతుంది, థామ్సన్‌కు తోక కిందే ఆగిపోతుంది. ఈ గుర్తు పట్టుబడటానికి చాలా రోజులు పట్టింది. నా తప్పులతో లెక్కలు చెడతాయేమోనని భయపడ్డాను. అయితే ఒకే ఫొటోను చాలామందికి చూపించి, ఎక్కువమంది చెప్పినదే తీసుకుంటారు. నిపుణుల జవాబులతో పోల్చినప్పుడు జంతువు పేరు నూటికి 96కు పైగా సరిపోయింది.

ఈ పనికి విలువ ఉందని గట్టిగా నమ్ముతాను. 2030 నాటికి నేలలోనూ సముద్రంలోనూ 30 శాతాన్ని కాపాడతామని 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. పటం మీద గీత గీయడం తేలిక. గీత లోపల ఏవి మిగిలాయో, ఏ నెలలో ఎటు కదులుతున్నాయో ఎవరూ చూడకపోతే రోడ్డు ఎక్కడ వేయకూడదో, కంచె ఎక్కడ తీసేయాలో ఎలా తెలుస్తుంది?

ఇంకొక మాట. దేవాంగపిల్లికి బంధువైన, చెట్ల మీద తిరిగే చిన్న జంతువు స్లో లోరిస్‌కు చక్కిలిగింతలు పెట్టే వీడియోలు కనబడితే దయచేసి ఎవరికీ పంపకండి. ముద్దుగా ఉందని నేనూ ఒకసారి పంపాను. అది చేతులు ఎత్తేది భయంతో, మోచేతి దగ్గరి విషగ్రంథిని అందుకోవడానికని తర్వాత చదివి చాలా బాధపడ్డాను. పెంపకానికి అమ్మేవాళ్లు దాని పళ్లు కత్తిరిస్తారు. 2007 నుంచి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధమైనా, ఆ వీడియోలు చూసి ముచ్చటపడి కొనాలనుకునేవాళ్లు ఉన్నారు.

ఫొటోల పనికి రోజుకు పావుగంట చాలు. ఖాళీ ఫొటో వస్తే ఏ జంతువూ లేదని నొక్కడానికి వెనకాడకండి, అదీ వాళ్లకు కావలసిన సమాచారమే.