మెడ ఆపరేషన్ తర్వాత తిమ్మిరి ఎందుకు తగ్గడం లేదంటే

తమ్ముడూ, మీ నాన్నగారికి మెడ ఆపరేషన్ అయి రెండు నెలలైనా చేతుల తిమ్మిరి పోలేదని, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారని రాశారు. రాజాంలో మీ పక్కింటాయన నెలకే తేరుకున్నారని టెన్షన్ పడకండి. ఆయనకు చేతిలోకి దిగే నరం ఒక్కటే నొక్కుకుని ఉండొచ్చు. ఆ నొప్పి తొందరగానే పోతుంది. మీ నాన్నగారికి వెన్నుపామే నొక్కుకుందన్నారు. అలాంటప్పుడు ఆపరేషన్‌కు ముందు అది ఎన్నాళ్లు నలిగిందన్నదే చాలా ముఖ్యం. ఆపరేషన్ ఒత్తిడిని తీసేస్తుంది కానీ, అప్పటికే జరిగిన నష్టం మెల్లగానే మానుతుంది. మెరుగుదల ఎక్కువగా మొదటి 6 నెలల్లో కనిపిస్తుంది, ఏడాది దాకా కొద్దికొద్దిగా సాగొచ్చు. కొంత తిమ్మిరి మిగిలిపోయే అవకాశమూ ఉంది.

మీరు మార్చగలిగింది ఆయన చుట్ట అలవాటు. ఎముకలు అతికేలా ప్లేటు వేశారు కదా, నికోటిన్ ఆ అతుకును సరిగా పట్టనివ్వదు. రోజుకు ఒక్కటే అని బతిమాలినా ఒప్పుకోకండి. అడ్డపొగైనా, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగినా అంతే. షుగర్ కూడా అదుపులో ఉండాలి.

గుండీలు పెట్టడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం లాంటివి ఫిజియోథెరపిస్టును అడిగి రోజూ చేయించండి. ధాన్యం బస్తా, నెత్తిన గడ్డిమోపు డాక్టర్ సరేననేదాకా ముట్టుకోనివ్వకండి. మెడ విరిపించడం, నాటు మర్దన అసలే వద్దు.

నడక తూలినా, చేతి పట్టు ఇంకా తగ్గినా, మూత్రం బిగిసినా, కుట్ల దగ్గర చీము పట్టినా, జ్వరం వచ్చినా తర్వాతి చెకప్ దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరకు వెంటనే తీసుకెళ్లండి.