కెమెరా టికెట్టు: సిటీ ముందుగా హెచ్చరించకపోతే కేసు కొట్టేస్తారా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో, బే ఏరియాలో ఉంటాం. ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఇంటర్వ్యూకి ఆలస్యమవుతోందన్న టెన్షన్‌లో ఒక కూడలి నేరుగా దాటేశాను, ఎర్ర లైటు దాటేవాళ్లను పట్టే కెమెరా ఫ్లాష్ కొట్టింది. నోటీసు మేం ఖాళీ చేసిన పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. అక్కడున్న ఫ్రెండ్ తెచ్చి ఇచ్చేసరికి 19 రోజులైంది. కట్టాల్సింది దాదాపు 490 డాలర్లు. ఆ కెమెరా ఈమధ్యే పెట్టారు. కొత్త కెమెరా పెడితే మొదటి 30 రోజులు హెచ్చరికలు మాత్రమే పంపాలని చట్టం ఉందట, మా సిటీ పంపలేదట. దాని మీద టికెట్ కొట్టేయించుకోవచ్చా? అప్పుడు మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు, ఇప్పుడు ఇండియా వెళ్లిపోయారు. ఆయనే నడిపారని రాసిచ్చేస్తే గొడవ వదిలిపోతుందని ఇంకో ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంత పొడుగు ఉత్తరంలో ఒక్క ముఖ్యమైన మాట లేదు. నోటీసులో ఉన్న ఫొటోలు మీరు చూశారా? మీ కేసు తేలేది వాటి మీదే.

ముందు మీ 30 రోజుల వాదన సంగతి. చట్టం ఉన్నమాట నిజమే. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 21455.5 ప్రకారం టికెట్లు మొదలుపెట్టే ముందు సిటీ 30 రోజులు హెచ్చరిక నోటీసులే పంపాలి, ప్రజలకు ముందుగా ప్రకటించాలి. ఊరంతటికీ ఒకసారి హెచ్చరిస్తే చాలని నగరాలు వాదించాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ప్రతి కొత్త కూడలిలో నెల రోజులు కెమెరా నడపాలి, వచ్చిన ఫొటోలు చూడాలి, నోటీసులు పోస్టు చేయాలి, జరిమానా మాత్రం ఒక్క డాలరు కూడా రాదు. 2004 నుంచి చేసుకున్న కాంట్రాక్టుల్లో కెమెరా కంపెనీకి టికెట్ల లెక్కన డబ్బు ఇవ్వడానికీ వీల్లేదు. అంటే రాబడి ఉన్నా లేకపోయినా సిటీ కంపెనీకి కట్టాల్సింది కట్టాల్సిందే.

ఈ గొడవ 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టులో తేలింది. కల్వర్ సిటీ నుంచి వచ్చిన పీపుల్ వర్సెస్ గ్రే కేసులో కోర్టు రెండు మాటలు చెప్పింది. మొదటిది మీకు నచ్చుతుంది: హెచ్చరిక గడువు ప్రతి కూడలికీ విడిగా పాటించాల్సిందే. రెండోది మీ వాదనను ముంచేస్తుంది: సిటీ ఆ పని చేయకపోయినా, ఎర్ర లైటు దాటినవాడి మీద కేసు చెల్లుతుంది. ఒక బాధ్యత పెట్టి, అది తప్పితే టికెట్ల విషయంలో ఏ నష్టమూ లేకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు. కానీ ట్రాఫిక్ కోర్టు జడ్జి ఆ తీర్పు దాటి పోలేరు. సిటీ నిజంగా హెచ్చరించలేదని మీకు తెలిస్తే సిటీ కౌన్సిల్‌కి రాయండి, రాయాలి కూడా. టికెట్ మాత్రం దాంతో పోదు. పైగా మీ దగ్గరున్నది "పంపలేదట" అన్న మాటే. దాన్ని ఏ కోర్టూ సాక్ష్యం అనదు.

నోటీసు 15 రోజుల్లో రాలేదన్నది మీ రెండో ఆశ అనుకుంటాను. అదీ నిలవదు. చట్టం చెప్పిన 15 రోజుల్లోపు పోస్టు చేశారా అన్నదే లెక్క, మీ చేతికి ఎప్పుడొచ్చిందన్నది కాదు. నోటీసు మీద మెయిలింగ్ తేదీ ఉంటుంది, అది చూడండి. పంపాల్సిన అడ్రసు డీఎంవీ (లైసెన్సులు, బండ్ల రిజిస్ట్రేషన్లు చూసే శాఖ) రికార్డులో ఉన్నదే. ఇల్లు మారిన 10 రోజుల్లో డీఎంవీకి చెప్పాలని చట్టం, మీరు చెప్పలేదు. ఇది మీ నిర్లక్ష్యమే. ఆ ఫ్రెండ్ నోటీసు తేకపోయి ఉంటే గడువు దాటిపోయి, జరిమానా మీద ఇంకో 100 డాలర్ల దాకా పడేది.

ఇక నాన్నగారి పేరు రాయడం. దయచేసి ఆ కాగితం ముట్టుకోకండి. "నేను నడపలేదు, ఫలానా వారు నడిపారు" అని రాసిచ్చేది ప్రమాణపూర్వక పత్రం. అబద్ధమైతే అది పెర్జరీ, అంటే ప్రమాణం చేసి అబద్ధమాడడం. కాలిఫోర్నియాలో అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. కెమెరా డ్రైవరు ముఖం కూడా తీస్తుంది. పోలీసు అధికారి దాన్ని మీ లైసెన్సు ఫొటో పక్కన పెట్టి చూస్తే మీకూ నాన్నగారికీ తేడా తెలియదా? వీసా మీద ఉన్నవారికి ట్రాఫిక్ టికెట్ చిన్న విషయం, పెర్జరీ శిక్ష దేశం నుంచి పంపించేసే దాకా తీసుకుపోగలదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి. వయసు మీదపడిన నాన్నగారికి రేపు మళ్లీ ఇక్కడికి రావాల్సిన అవసరం ఉంటుంది, ఆ సంగతీ ఆలోచించండి.

లాస్ ఏంజెలెస్‌లో కెమెరా టికెట్లు కట్టకపోయినా ఏమీ కాలేదని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ నగరం 2011లోనే తన కెమెరాల కార్యక్రమం ఆపేసింది. ఆ ఊరి కథ మీ కోర్టులో పనికిరాదు.

ఇప్పుడు ఫొటోల దగ్గరికి రండి. వాహన యజమానిగా ఆ సాక్ష్యం చూసే హక్కు చట్టమే ఇచ్చింది. మొదటి ఫొటోలో మీ ముందు చక్రాలు స్టాప్ గీతకు ఇవతల ఉన్నాయా, అప్పటికే లైటు ఎర్రగా ఉందా చూడండి. పసుపు వెలుగుతుండగానే గీత దాటి ఉంటే అది నేరం కాదు, తర్వాత ఎర్ర పడినా సరే. ఫొటో అంచున చిన్న అంకెల పట్టీ ఉంటుంది: పసుపు ఎన్ని సెకన్లు వెలిగింది, ఎర్ర పడిన ఎంతసేపటికి మీరు దాటారు. పసుపు కనీసం 3 సెకన్లు ఉండాలి, రోడ్డు వేగం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. వ్యవధి తక్కువైతే అదే మీకు అసలైన ఆయుధం. చివరగా ముఖం: అది మీరేనని గుర్తుపట్టేలా ఉందా? మసకగా ఉంటే నిరూపించాల్సిన భారం అవతలివాళ్లది. మీరు అబద్ధం చెప్పక్కర్లేదు, మౌనంగా ఉండే హక్కు మీకుంది. ఫొటోలే చెల్లవని మాత్రం వాదించకండి. అదే 2014లో గోల్డ్‌స్మిత్ కేసులో వాటిని సాక్ష్యంగా తీసుకోవచ్చని రాష్ట్ర సుప్రీంకోర్టే చెప్పేసింది.

వీటిలో ఒకటి మీకు కలిసొస్తే, నోటీసులో ఉన్న గడువులోపు టీఆర్-205 ఫారంతో రాతపూర్వక విచారణ అడగండి. జరిమానా మొత్తం ముందు డిపాజిట్ చేయాలి, గెలిస్తే తిరిగొస్తుంది. ఓడితే, కోర్టు ఆ నిర్ణయాన్ని పోస్టు చేసిన 20 రోజుల్లోపు కొత్త విచారణ కోరవచ్చు. ఈ 20 రోజులూ మీరు ఉత్తరం తెరిచిన రోజు నుంచి లెక్కపెట్టకండి.

ఫొటోలు స్పష్టంగా ఉంటే పోరాటం వద్దు. గత 18 నెలల్లో ట్రాఫిక్ స్కూలుకి (డ్రైవర్ల పాఠాల తరగతికి) వెళ్లి ఉండకపోతే ఇప్పుడు అడగండి, ఈ తప్పుకి మీ డ్రైవింగ్ రికార్డులో పడే పాయింటు ఇన్సూరెన్స్ కంపెనీకి కనబడదు. ఉద్యోగం లేదన్నారు కదా, ఆ మాట కోర్టులో నేరానికి సాకుగా చెల్లదు గానీ జరిమానా తగ్గింపుకి పనికొస్తుంది. కాలిఫోర్నియా కోర్టుల మైసైటేషన్స్ వెబ్‌సైటులో ఆదాయం చూపి తగ్గించమని అడగవచ్చు. అందులో అడిగితే తప్పు ఒప్పుకున్నట్టే, కాబట్టి ఫొటోలు చూశాకే ఆ పని చేయండి.

ఈరోజే డీఎంవీలో అడ్రసు మార్చండి. మీరు పౌరులు కాకపోతే ఇమిగ్రేషన్ వాళ్లకీ ఏఆర్-11 ఫారం ద్వారా తెలపాలి, దానికీ గడువు 10 రోజులే. అది కూడా వదిలేసి ఉంటారని నా అనుమానం.