ఆరుకే అంతమందా?

ప్రశ్న: 2025 ఆగస్టు 31 రాత్రి అఫ్గానిస్తాన్‌లో, పాకిస్తాన్ సరిహద్దు కొండల్లో భూకంపం వచ్చి రెండు వేల మందికి పైగా పోయారు. తీవ్రత 6 అట. ఆ హిందూకుష్ కొండల్లోనే 2015లో 7.5 వస్తే పోయింది సుమారు 400 మందేనని మావారు అంటున్నారు. చిన్నదానికి ఎక్కువ, పెద్దదానికి తక్కువ ఎలా? 2024 డిసెంబరులో ములుగు దగ్గర భూమి కదిలిన పొద్దున మా అటక మీది ఇత్తడి బిందెలు గలగలమన్నాయి, అప్పట్నుంచి నాకు టెన్షనే. మా అబ్బాయేమో పెంకుటిల్లు తీసేసి, కింద కార్లకు వదిలి పైన రెండంతస్తులు వేద్దామంటున్నాడు. వెయ్యమనాలా, వద్దా?
— ఒక రిటైర్డ్ టీచర్, తణుకు

జవాబు: మీవారి లెక్క సరైనదే టీచరుగారూ. శక్తి ప్రకారం చూస్తే 7.5 అనేది 6 కన్నా సుమారు 180 రెట్లు పెద్దది. కాకపోతే అది పుట్టింది దాదాపు 210 కిలోమీటర్ల లోతున, అంటే రాజమండ్రి నుంచి విశాఖ ఎంత దూరమో ఇంచుమించు అంత కిందన. పైకొచ్చేసరికి ఆ ఊపు దూరదూరాలకు పరుచుకుని ఢిల్లీలో కూడా జనం రోడ్ల మీదికొచ్చారు గానీ, దెబ్బంతా ఒక్కచోటే పడలేదు. 2025లో అఫ్గానిస్తాన్‌లోని కునార్ రాష్ట్రాన్ని కుదిపేసినది 8 కిలోమీటర్ల లోతే, సైకిలేసుకుని పక్కూరికి వెళ్లేంత. రైసుమిల్లు గోడకు ఆనుకుని నిలబడటానికీ, కాలవ అవతలి గట్టున నిలబడటానికీ ఉన్న తేడా అది.

లోతు ఒక్కటే అయితే ఇంత ఘోరం జరిగేది కాదు. టైము రాత్రి పన్నెండు కావస్తోంది, అందరూ ఇళ్లలో నిద్రలో ఉన్నారు, ఆ ఇళ్లేమో రాళ్లను మట్టితో పేర్చిన గోడలు, పైన దుంగలు, దుంగల మీద మందంగా మట్టి. కారుతోందని మళ్లీ మళ్లీ ఇంకో పొర మెత్తుతుంటారు, కప్పు బరువెక్కుతూనే ఉంటుంది. గోడ పక్కకు జరిగిందంటే అదంతా పడుకున్నవాళ్ల మీదే. కొండచరియలు దారులు మూసేశాయి, కొన్ని ఊళ్లకు హెలికాప్టరే దిక్కయింది.

నవ్వకండి గానీ, ఆ రాత్రికి మన తాటాకు పాకే మేలు, మీద పడినా చాలామంది దులుపుకుని లేస్తారు. మనది తుపాను భయం కాబట్టి గాలికి లేచిపోకుండా కప్పు బరువుగా ఉండాలంటాం. భూకంపం వచ్చినప్పుడు ఆ బరువే మన పాలిట మిత్తి.

ఇక మీ ఇల్లు. ములుగుది 5.3, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర వచ్చింది 5.7. హిమాలయాలంత ముప్పు మనకు లేదు, అలాగని అసలు లేదనీ కాదు. నా బెంగంతా మన నేల గురించి. గోదావరి తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రు, కాస్త తవ్వితే నీళ్లు. అలాంటి నేల ఊపును పెంచుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. అక్కడా సబర్మతి ఒండ్రే, కూలినవాటిలో చాలావాటికి కింద గోడల్లేవు, పార్కింగ్ కోసం వదిలిన ఒట్టి స్తంభాలే. మీ అబ్బాయి వేద్దామంటున్నది సరిగ్గా ఆ నమూనాయే.

వద్దనను. కాకపోతే ముందు మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్ చేతికొచ్చాకే పని మొదలెట్టమనండి, "మా మేస్త్రి వంద ఇళ్లు కట్టాడు" అంటే వినకండి. కార్లకు వదిలినచోట కూడా కాంక్రీటు గోడలు ఎక్కడెక్కడ రావాలో ఆ ఇంజినీరునే చెప్పమనండి. స్తంభాలకు కాంక్రీటు పోసే ముందు రోజు మీరే వెళ్లి చూడండి: నిలువు ఊచల చుట్టూ కట్టే రింగులున్నాయే, వాటి కొనలు స్తంభం లోపలికి 135 డిగ్రీలు వంగి ఉండాలి. మూలమట్టంగా, అంటే 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే ఊపుకి విచ్చుకుంటాయి, ఊచలు బయటికి ఉబ్బుతాయి. మేస్త్రి గొణుగుతాడు, గొణగనివ్వండి. పిల్లల హోంవర్కు దిద్దినట్టే, తప్పున్నవి విప్పించి మళ్లీ కట్టించండి.

అటక మీది బిందెలు మాత్రం ఇవాళే దించెయ్యండి.