టీ కప్పు నుంచి ట్రిగ్గర్ దాకా: షూటర్ల సందేహాలు

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మొదటి నాలుగు సిరీస్‌లు (ఒక్కోటి పది షాట్లు) బాగానే వస్తాయి. ఆ తర్వాత చెయ్యి వణుకుతోందంటుంది, పదులకు బదులు ఎనిమిదులు పడతాయి. జిమ్‌లో డంబెల్స్ బరువు పెంచమంటున్నారు. పెంచమంటారా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: డంబెల్స్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఒకరోజు రేంజ్‌లో అమ్మాయి వెనకాల కూర్చుని సెకన్లు లెక్కపెట్టండి. పైకెత్తిన పిస్టల్ గురి దగ్గరికి దిగి కుదురుకున్నాక 5 నుంచి 8 సెకన్లలో షాట్ వెళ్లిపోవాలి. 10 దాటిందంటే వణుకు రాక మానదు. అప్పటికి ఊపిరి బిగబట్టి ఉంటుంది, భుజం అలిసిపోతుంది, కన్ను ఒకేచోట చూసి చూసి తేడా పట్టడం మానేస్తుంది. అలసట మొదలయ్యాక పిల్లలు ‘ఇంకాస్త కుదరనీ’ అని పట్టుకునే ఉంటారు. సగం ఎనిమిదులు అక్కడే పుడతాయి. కుదరకపోతే దించేసి, రెండు ఊపిరులు తీసుకుని మళ్లీ ఎత్తడం అలవాటు చేయించండి. 60 షాట్లకు 75 నిమిషాలు ఉంటుంది కాబట్టి తొందరేం లేదు.

వణుకులో రెండు రకాలున్నాయి. భుజం నుంచి చెయ్యి మొత్తం ఊగితే ముందు సైటు, వెనక సైటు కలిసే కదులుతాయి. అవి ఒక మిల్లీమీటరు కదిలితే టార్గెట్ మీద తేడా కూడా దాదాపు అంతే. 10 రింగు వ్యాసమే 11.5 మి.మీ. కనుక అది పెద్ద నష్టం కాదు. మణికట్టు కదిలితే మాత్రం ముందు సైటు, వెనక సైటు గాడిలో పక్కకు జరుగుతుంది. రెండు సైట్ల మధ్య దూరం 320 మి.మీ. అనుకుంటే, ఇక్కడ జరిగిన ఒక్క మిల్లీమీటరు 10 మీటర్ల దగ్గర 31 మి.మీ. అవుతుంది. రింగుకీ రింగుకీ మధ్య ఉండేది 8 మి.మీ. అంటే దాదాపు నాలుగు రింగులు పోయినట్టే! అందుకే చూపు ముందు సైటు మీద ఉండాలి, టార్గెట్ మధ్యలోని నల్లగుండ్రం మసగ్గా కనిపించాలి. చెయ్యి ఊగుతోందని కంగారుపడి నల్లగుండ్రాన్ని చూడటం మొదలెడితే మణికట్టు తప్పు ఇక కంటికి కనిపించదు.

మణికట్టు ఎందుకు కదులుతుందో గోళ్లు చూస్తే తెలిసిపోతుంది. పిస్టల్ ఎత్తినప్పుడు గోళ్లు తెల్లబడుతుంటే గ్రిప్‌ను, అంటే పిడిని పిసికేస్తోందని అర్థం. లేదా గ్రిప్ చేతికి పెద్దదై, జారకుండా బిగించాల్సి వస్తోంది. ఎదిగే పిల్లలకు ఏడాదికోసారైనా గ్రిప్ సైజు చూడాలి. అరచేతికీ గ్రిప్‌కీ మధ్య ఖాళీ ఉన్నచోట వుడ్ పుట్టీ పెట్టి, ఆరాక సన్నని ఉప్పుకాగితంతో రుద్దితే చాలు.

ఇక వ్యాయామం. పెల్లెట్ (సీసం గుండు) పెట్టని పిస్టల్‌ను తెల్లగోడ వైపు ఎత్తి 30 సెకన్లు పట్టుకోవాలి, నిమిషం విశ్రాంతి, ఇలా 8 సార్లు, వారానికి నాలుగు రోజులు. రెండు వారాలకోసారి 5 సెకన్లు పెంచి 45 దగ్గర ఆపేయండి. పిస్టల్ ఇంట్లో లేకపోతే లీటరు నీళ్ల సీసా సరిపోతుంది, బరువు దాదాపు అంతే. రబ్బరు బ్యాండ్‌ను తలుపు గడియకు కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పే వ్యాయామం 15 చొప్పున మూడుసార్లు, రెండు చేతులకూ చేయించండి. ఎప్పుడూ ఒకవైపే బరువు మోసే ఆట ఇది, ఎదిగే వయసులో వెన్ను ఒకపక్కకు అలవాటు పడకూడదు. నడుముకు ప్లాంక్, సైడ్ ప్లాంక్. బరువైన డంబెల్స్ ఎత్తిన రోజు రేంజ్‌కి వెళ్తే వణుకు ఇంకా పెరుగుతుంది. మ్యాచ్‌కు 48 గంటల ముందు నుంచి వాటిని ముట్టుకోవద్దు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ రైఫిల్ జాకెట్ కొన్నాను. బిగుతుగా ఉంటే ఒళ్లు బాగా నిలుస్తోంది. మ్యాచ్‌లో జాకెట్ చెకింగ్ దగ్గర ఇబ్బందా? వానాకాలం వాసన కూడా పడుతోంది.
– కూకట్‌పల్లి

జవాబు: ఒళ్లు నిలుస్తోందన్న ఆ బిగుతే మిమ్మల్ని బయటికి పంపుతుంది. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం జాకెట్ వదులుగా ఉండాలి. చేతులు కిందికి వదిలి నిలబడి, బొత్తాం పెట్టే చోటు దాటించి లాగితే ఇంకో 70 మి.మీ. అయినా మీదికి రావాలి. గుడ్డ మందం 2.5 మి.మీ. మించకూడదు. గట్టిదనం కొలిచే పరికరం కిలో బరువుతో నొక్కినప్పుడు కనీసం 3 మి.మీ. కిందికి దిగాలి. పాత జాకెట్లలో ఎక్కువగా తేడా వచ్చేది తోలు అతుకులు, రెండు పొరలు కలిసే కుట్ల దగ్గర. దసరాకీ సంక్రాంతికీ మధ్య పెరిగిన మూడు కిలోలు కూడా ఆ 70లోంచే తీసేస్తాయి, చూసుకోండి. బొత్తాలు జరిపించాలంటే షూటింగ్ జాకెట్లు తెలిసిన దర్జీకే ఇవ్వండి.

వాసన చెమటది. ప్రాక్టీస్ అయ్యాక కిట్ బ్యాగులో మడిచి కుక్కకుండా, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి ఫ్యాను కింద రెండు గంటలు ఆరనివ్వండి. ఎండలో వేస్తే తోలు బిరుసెక్కి పగులుతుంది. వాషింగ్ మెషీన్ మాటే వద్దు. లోపల పొడుగు చేతుల పల్చటి టీషర్టు వేసుకుని రోజూ ఉతుక్కుంటే జాకెట్‌కు సగం బాధ తప్పుతుంది. అన్నట్టు, షూటింగ్ బూట్లతో పార్కింగ్ దాకా నడవకండి, అంచులు అరిగితే నిలకడ పోతుంది.

ప్రశ్న: మైగ్రేన్‌కి డాక్టర్ ప్రొప్రనొలాల్ రాశారు. స్టేట్ మీట్ ఉంది. పర్వాలేదా?
– తార్నాక

జవాబు: పర్వాలేదనడానికి లేదు. ఇది బీటా బ్లాకర్. గుండె వేగం, వణుకు తగ్గిస్తుంది కాబట్టి షూటింగ్‌లో మ్యాచ్ రోజే కాదు, ఏడాది పొడవునా నిషేధం. అటెనొలాల్, మెటొప్రొలాల్ కూడా అంతే. నీటికాసులకు (గ్లకోమాకు) వేసుకునే టిమొలాల్ కంటి చుక్కలు సైతం ఇదే జాతి, పెద్ద వయసు షూటర్లు గమనించాలి. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, హఠాత్తుగా మానితే గుండెకు ప్రమాదం. మీరు షూటర్ అన్న సంగతి డాక్టర్‌కి చెప్పి వేరే మందు అడగండి. వేరే దారి లేదంటే నాడాకు (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థకు) వైద్య మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టాలి. అది చేతికి వచ్చాకే మ్యాచ్.

ప్రశ్న: ఎయిర్ రైఫిల్ గాలి సిలిండర్‌లో మా వీధి చివర వెల్డింగ్ షాపులో గ్యాస్ నింపించుకోవచ్చా?
– ఉప్పల్

జవాబు: వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు! అక్కడుండే ఆక్సిజన్, మీ గన్ వాల్వ్‌లోని గ్రీజు అధిక పీడనంలో కలిస్తే అంటుకుని పేలుతుంది. ఫిల్టర్ ఉన్న కంప్రెసర్ నుంచి పొడిగాలి మాత్రమే ఎక్కించాలి, సిలిండర్ మీద రాసిన పీడనం దాటకూడదు. చాలావాటికి అది 200 బార్. నెమ్మదిగా నింపండి. గబగబా ఎక్కిస్తే వేడెక్కి ముల్లు 200 చూపిస్తుంది, చల్లారాక తగ్గిపోతుంది. చాలా కంపెనీల సిలిండర్లకు ఆయుష్షు తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు. తేదీ దాటలేదని చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

ప్రశ్న: రోజుకు నాలుగైదు ఇరానీ చాయ్‌లు పడాలి నాకు. మ్యాచ్ రోజు మానేయాలా? ముందురోజు రాత్రి బిర్యానీ తినొచ్చా?
– మాదాపూర్

జవాబు: మ్యాచ్ రోజే మానేస్తే పొద్దున పదింటికల్లా తలనొప్పి పట్టుకుంటుంది. 2004 నుంచి కెఫీన్ నిషిద్ధ జాబితాలో లేదు, అంచేత భయం లేదు. పది రోజుల ముందు నుంచి మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించి రెండు దగ్గర నిలపండి. మ్యాచ్ రోజు పొద్దున అలవాటైన ఒక కప్పు తాగండి, రెండోది మ్యాచ్ అయ్యాకే. తాగిన కెఫీన్‌లో సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి చాయ్ రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది, ముందురోజు అది మానేయండి.

మ్యాచ్‌కు రెండున్నర, మూడు గంటల ముందు మూడు నాలుగు ఇడ్లీలు, లేదా పలుచని రాగిజావతో రెండు. పూరీ, గారె లాంటి నూనె సరుకు వద్దు, కడుపు బరువుగా ఉంటే బెల్టు కింద పొట్ట తీరు మారి నిలబడే పొజిషన్ తేడా వస్తుంది. 40 నిమిషాల ముందు ఒక అరటిపండు. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా, మొత్తం ఒక గ్లాసు. చిటికెడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఎండాకాలం ఇంకా మంచిది. సీసం పెల్లెట్లు ముట్టుకున్న చేతులను సబ్బుతో కడిగాకే ఏదైనా తినండి.

బిర్యానీ అంటారా, ముందురోజు మధ్యాహ్నం ఒక ప్లేటు లాగించండి, మిర్చీ కా సాలన్ తగ్గించుకుని. రాత్రికి పెరుగన్నం.